రైళ్ల రాకలు, క్లాసుల కూర్పు

హైదరాబాదులో 2018 సెప్టెంబరు 24న అమీర్‌పేట నుండి ఎల్.బి.నగర్ వరకు మెట్రో రైలు నడువనారంభించిన నాటినుండి మూసారాంబాగ్, దిల్‌సుఖ్‌నగర్, చైతన్యపురి, విక్టోరియా మెమోరియల్ స్టేషన్లు వేలాది జనుల దినచర్యలో భాగములైనవి. దిల్‌సుఖ్‌నగర్‌లో ఎల్.బి.నగర్ వైపు తదుపరి రైలెప్పుడని అడిగినవానికి ఫోనులోని యాప్ బదులు చెప్పవలెనన్న, దాని వెనుక నొక వెబ్ సర్వీసు సమాచారమును పంపుచుండవలెను. ఆ పంపెడి తీరును గూర్చియే నా మనవి.

లోకమంతట వ్యాప్తిలోనున్న జీటీఎఫ్‌ఎస్ అను ప్రజారవాణా సమాచార పద్ధతిలో వేళాపట్టిక, ఒక్కొక్క రాకకు ఒక్కొక్క వరుస చొప్పున, కామాలతో విడదీసిన పాఠముగా నుండును. నిలువ చేయుట కది యుచితమే. కాని వెబ్ సర్వీసు ఆ వరుసలనే యథాతథముగా తాను పంపెడి ఎక్స్‌ఎమ్‌ఎల్‌లోనికి కుమ్మరించినచో, స్టేషను ఐడీ ప్రతి రాకతోను పునరావృతమగుటయే గాక, వానిని ఏరి కూర్చు శ్రమ పుచ్చుకొన్న ప్రతి యాప్ మీదను పడును. 1998 ఫిబ్రవరిలో డబ్ల్యు3సీ సిఫారసుగా వెలువడిన ఎక్స్‌ఎమ్‌ఎల్‌కు ట్యాగులో ట్యాగు నిముడ్చుకొనుట సహజగుణము. ఆ గుణమును విడిచిపెట్టి దానిని వాడుట యెందులకు?

కావున ఆ ఎక్స్‌ఎమ్‌ఎల్‌ను పుట్టించు ప్రోగ్రాములోని క్లాసులు ప్రయాణికుని ప్రశ్నను బట్టి పుట్టవలెను: స్టేషన్ క్లాసులో దిశల జాబితా, దిశ క్లాసులో రాకల జాబితా. మియాపూర్ వైపునకొకటి, ఎల్.బి.నగర్ వైపునకొకటి రెండు ప్రాపర్టీలు పెట్టిన చాలదా యని తోచవచ్చును. అది దిల్‌సుఖ్‌నగర్‌కు చెల్లును గాని, మార్గము ముగియు ఎల్.బి.నగర్‌లో రైలెక్కువానికి దిశ యొక్కటియే. జాబితా రెంటికిని సరిపడును. వరుసలను స్టేషన్లుగా కూర్చు వర్గీకరణము స్టేషను ఐడీని బట్టియే జరుగవలెను. పేరునుబట్టి చేసినచో, చుక్కలతో నొకమారు, చుక్కలు లేక యొకమారు వ్రాసిన ఎల్.బి.నగర్ రెండు స్టేషన్లగును.

డాట్‌నెట్‌లో క్లాసులను ఎక్స్‌ఎమ్‌ఎల్‌గా మార్చు ఎక్స్‌ఎమ్‌ఎల్ సీరియలైజర్‌లో జాబితాకు ఎక్స్‌ఎమ్‌ఎల్ అరే యను ఆట్రిబ్యూట్ పెట్టిన, రాకలన్నిటిని చుట్టి యొక ట్యాగు లభించును. ఎక్స్‌ఎమ్‌ఎల్ ఎలిమెంట్ పెట్టిన ఆ చుట్టు ట్యాగు లేకయే వచ్చును. నేను మొదటిదానినే కోరుదును. ఏలయనగా, చుట్టు ట్యాగున్నచోట జాబితా ఖాళీయైనను ఖాళీ ట్యాగు వెలువడును, నల్ ఐనచో ట్యాగే యుండదు. రాత్రి చివరి రైలు వెడలిన పిమ్మట ఖాళీ ట్యాగు ఇక రైళ్లు లేవని స్పష్టముగా చెప్పును, ట్యాగే లేనినాడు రైళ్లు లేవో, సమాచారమే రాలేదో యాప్‌నకు తెలియదు. ప్లాట్‌ఫారముపై నిలిచిన వృద్ధునకు ఆ భేదము ఆటో పిలువవలెనా, వేచియుండవలెనా యను ప్రశ్నయగును.

దిల్‌సుఖ్‌నగర్ వీధులలో ప్రోగ్రామింగ్ నేర్పు సంస్థలకు కొదువలేదు. అచ్చటి గురువులు “ఉద్యోగులు, శాఖలు” అను పాత పట్టికలకు బదులు, విద్యార్థులు దిగివచ్చిన స్టేషను రాకలనే అభ్యాసముగా నిచ్చి, ముందు కావలసిన ఎక్స్‌ఎమ్‌ఎల్‌ను కాగితముపై చేతితో వ్రాయించి, పిదపనే దానికి తగిన క్లాసులను కట్టింపవలెను.