మామ్మ పాటకు ఏ పెట్టె కొనాలి?

కోరాపుట్, రాయగడ ప్రాంతాల మన యిళ్లలో పెళ్లిపాటలూ మంగళహారతులూ నోటికి వచ్చిన పెద్దలు తగ్గిపోతున్నారు. వారి పాటలు యింట్లోనే రికార్డు చేద్దామని పిల్లలు ముచ్చట పడుతున్నారు. మంచిదే. మరి కంప్యూటరు ఎలాంటిది కొనాలి?

ఒక గొంతుకు ఒక యు.ఎస్.బి. మైకు, 16 గిగాబైట్ల ర్యామ్ గల మామూలు లాప్‌టాప్ చాలును. కరెంటు పోయినా బ్యాటరీ మీద పాట సాగిపోతుంది. లోపలి డిస్కు ఎస్.ఎస్.డి. అయి వుండాలి. అందులో తిరిగే పళ్లెం లేదు గనుక గరగరమనదు.

యిక చోటు సంగతి. సెకనుకు 48,000 నమూనాలు, 24 బిట్ల చొప్పున ఒక మైకు పాట గంటకు సుమారు 520 మెగాబైట్లు. 1,000 గిగాబైట్ల డిస్కులో 1,900 గంటలు పడుతుంది. కనుక పెద్ద డిస్కు ఒకటి కాదు, చిన్నవి రెండు కొనండి. ఎంత ఖరీదైన డిస్కైనా చెప్పకుండా చెడిపోగలదు. ఒకటి యింట్లో, తేమ తగలని డబ్బాలో వుంచండి. రెండవది విశాఖలోనో మరెక్కడో వున్న పిల్లల దగ్గర వుంచండి.

దాచేది వేవ్ ఫైలుగానే దాచండి. ఎం.పి.3 చోటు తగ్గించడానికి ధ్వనిలో కొంత పారవేస్తుంది. పాటకు ముందు పాడేవారి పేరు, వూరు, తేదీ వారి చేతనే చెప్పించండి.

ఏటా సంక్రాంతికి రెండు డిస్కులూ తెరిచి కొన్ని పాటలు వినండి. వినకుండా దాచినది వుందో పోయిందో ఎలా తెలుస్తుంది?