పరీక్షకు ముందే ఖాయమైన గ్రేడు

చదువుల్లో అసమానత అనగానే మన చూపు బడి బయటికే పోతుంది. ఇంటి ఆదాయం, తల్లిదండ్రుల చదువు, కులం, ఊరు ఇవన్నీ లెక్కలోకి వస్తాయి. బడి లోపల జరిగేది మాత్రం తప్పించుకుంటుంది. బ్రిటన్‌లో విద్యాశాస్త్ర అధ్యాపకుడు డేవిడ్ గిల్‌బోర్న్, పరిశోధకురాలు డెబోరా యూడెల్‌తో కలిసి లండన్‌లోని రెండు సెకండరీ స్కూళ్లను దగ్గరగా పరిశీలించి, 2000లో ‘రేషనింగ్ ఎడ్యుకేషన్’ అనే పుస్తకం వెలువరించారు. బడిని కొలిచే కొలమానమే పిల్లల మధ్య కొత్త అంతరాలను పుట్టించగలదని ఆ పుస్తకం రుజువు చేసింది.

ఇంగ్లండ్‌లో 1992 నుంచి బడుల ఫలితాల పట్టికలు ప్రచురించడం మొదలైంది. పదహారేళ్లకు రాసే జీసీఎస్‌ఈ పరీక్షల్లో కనీసం ఐదు సబ్జెక్టుల్లో సీ, లేదా అంతకు పై గ్రేడు తెచ్చుకున్నవారి శాతమే ఆ పట్టికల్లో అందరూ చూసే అంకె. అంటే డీ నుంచి సీకి ఎక్కగల పిల్లాడి మీద పెట్టిన శ్రమ బడికి కలిసొస్తుంది. జీ నుంచి ఈకి ఎదిగిన పిల్లాడి కష్టం ఆ అంకెలో ఎక్కడా కనిపించదు. దాంతో అదనపు శ్రద్ధంతా సరిహద్దులో ఉన్నవారికి చేరింది. అత్యవసర వేళ రోగుల్లో ఎవరికి ముందు వైద్యం చేయాలో తేల్చే పద్ధతితో పరిశోధకులు దీన్ని పోల్చారు. గణితంలో ఇది మరీ కఠినంగా ఉండేది. అప్పట్లో ఆ పేపర్‌కు మూడు స్థాయిలుండేవి. కింది స్థాయిలో కూర్చోబెట్టిన అమ్మాయి ప్రతి లెక్కా సరిగ్గా చేసినా ఆమెకు దక్కే అత్యధిక గ్రేడు డీ. ఆ రెండు స్కూళ్లలోనూ నల్లజాతి పిల్లలు ఎక్కువగా చేరింది ఆ కింది స్థాయిలోనే.

ప్రతిభను బట్టి విభజిస్తే తప్పేముందన్న ప్రశ్న సహజమే. రెండు బడులను చూసి దేశమంతటికీ తీర్పు చెప్పలేమన్న అభ్యంతరంలోనూ న్యాయముంది. బ్రిటన్ విద్యా పరిశోధకుడు స్టీవ్ స్ట్రాండ్ 2012లో ప్రచురించిన అధ్యయనం ఈ రెంటికీ జవాబిచ్చింది. పద్నాలుగేళ్ల పిల్లల జాతీయ గణాంకాలు తీసుకుని, అంతకుముందరి మార్కులనూ కుటుంబ నేపథ్యాన్నీ లెక్కలోకి తీసుకున్నా, కరీబియన్ మూలాల నల్లజాతి పిల్లలు పైస్థాయి పరీక్షలకు తక్కువగానే ఎంపికవుతున్నారని ఆయన తేల్చారు. ఉపాధ్యాయుల అంచనాలే ఇందుకు కారణం కావచ్చన్నారు. ఆ ఉపాధ్యాయుల్ని దోషులుగా నిలబెట్టడం నా ఉద్దేశం కాదు. గడువు ముంచుకొస్తుంటే, బడి పరువు ఒక్క అంకె మీద వేలాడుతుంటే, మంచి టీచర్ కూడా పాత అంచనానే నమ్ముకుంటారు.

కొలమానాన్ని మార్చవచ్చు. ప్రతి విద్యార్థి ఎదుగుదలనూ లెక్కించే ‘ప్రోగ్రెస్ 8’ని ఇంగ్లండ్ 2016లో ప్రధాన కొలతగా తెచ్చింది. గణితంలో కింది స్థాయి పేపర్ మాత్రం అలాగే ఉంది, ఒకటి నుంచి తొమ్మిది (అత్యధికం) వరకున్న ఇప్పటి గ్రేడుల్లో దాని పరిమితి ఐదు. మన కార్పొరేట్ జూనియర్ కాలేజీల్లోనూ మార్కుల్ని బట్టి సెక్షన్లు విడదీయడం మామూలే. ప్రకటనల్లో ర్యాంకులే కనిపిస్తాయి. చివరి సెక్షన్‌లో ఎవరున్నారు, వాళ్లు చేరిననాటికీ ఇప్పటికీ ఎంత ఎదిగారు, వాళ్లకు పాఠం చెప్పేదెవరు అన్న వివరాలను కూడా కాలేజీలు బయటపెట్టాలని ఇంటర్ బోర్డులు అడగాలి.