మునిగినవారిదే తప్పా?

మైపాడు సముద్రంలో ఎవరైనా మునిగిపోతే మరునాటి వార్తలో చివరి వాక్యం మనకు కంఠతా వచ్చు: హెచ్చరికలను లెక్కచేయక లోతుకు వెళ్ళారు. నా అభ్యంతరమంతా ఆ వాక్యం మీదనే.

హోటలులోని ఈతకొలనుకు భారతీయ ప్రమాణాల సంస్థ వారి ఐ.ఎస్. 3328 ఉన్నది. నీటిలో క్లోరిన్ ఎంత మిగలాలో, సూక్ష్మజీవులు ఎంతకు మించరాదో అందులో వ్రాసి ఉన్నది. సముద్రస్నానానికీ కొలత లేకపోలేదు. 1998 నాటి కేంద్ర ప్రకటన ప్రకారం స్నానయోగ్యమైన తీరజలంలో 100 మిల్లీలీటర్లకు మలజనిత కోలిఫాం సంఖ్య 100 దాటరాదు. కాగితం రెండుచోట్లా ఉన్నది. కాకపోతే కొలనుకు యజమాని ఉన్నాడు, నిలదీయవచ్చు. సముద్రానికి యజమాని సర్కారు!

కార్తీక పౌర్ణమికి నెల్లూరు నుండి, చుట్టుప్రక్కల పల్లెల నుండి ఇంటిల్లిపాదీ వచ్చి అక్కడ మునుగుతారు. అలలు ఒడ్డుకు తోసిన నీరు సన్నని దారి చేసుకొని వేగంగా వెనక్కు పోతుంది. ఆ దారిలో అలలు విరగవు గనుక పైకి ప్రశాంతంగా కనబడుతుంది. పిల్లలను అక్కడే దించుతారు. అందులో చిక్కినవారు ఒడ్డుకేసి ఎదురీదితే అలసిపోవడమే; తీరానికి సమాంతరంగా ప్రక్కకు ఈది బయటపడాలి. "లోతుకు వెళ్ళరాదు" అన్న రెండు మాటల బోర్డు ఇదంతా చెబుతుందా?

జనానికి జాగ్రత్త అక్కరలేదా అంటారు కొందరు. కావాలి. ఏది జాగ్రత్తో చెప్పేవారు కూడా కావాలి.

యంత్రాంగానికి చేతకాక కాదు. రొట్టెల పండుగకు స్వర్ణాల చెరువులో గజ ఈతగాళ్ళను, పడవలను పెట్టేది ఈ జిల్లా అధికారులే. (రొట్టెలు మార్చుకోవడానికి మోకాలి లోతు చాలు.) విశాఖలో రుషికొండకు 2020లో నీలిజెండా గుర్తింపు వచ్చింది. నీటి పరీక్షలు, రక్షకులు, మరుగుదొడ్లు ఉంటేనే అది దక్కుతుంది. 2025లో నిర్వహణ లోపించిందని ఆ గుర్తింపును తాత్కాలికంగా తీసివేశారు. వెంటనే అధికారులు కదిలారు, జెండా తిరిగివచ్చింది. పరువు పోతుందంటే సర్కారు ఎంత చురుకైనదో చూశారా!

కలెక్టరుగారికి నా విన్నపం ఒక్కటే. కార్తీకానికి ముందే మైపాడు నీటిని పరీక్ష చేయించి, వచ్చిన అంకెను, తేదీని, ఆనాడు కాపలా ఉండే ఈతగాళ్ళ సంఖ్యను ఆ బోర్డు మీదనే తెలుగులో వ్రాయించండి.