రైలుకన్న ముందు నేల

మన పాఠశాలయందొక చిన్న రైలు నమూనా నిర్మింపవలెనని కొందఱు విద్యార్థులు కోరుచున్నారు. కోరిక మంచిదే. పట్టాలు, ఇంజను, పెట్టెలు అంగడిలో దొరకును. వానితో అమ్మబడు కొండలు, ఇండ్లు మాత్రము పరదేశపువి: మంచు కప్పిన శిఖరములు, సూదియాకుల చెట్లు, నిటారు కప్పుల ఇండ్లు. గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు ప్రాంతముల బాలబాలికలు తమ చేతులతో కట్టు నమూనాలో ఆల్ప్సు పర్వతములేల? ముందు మన నేలను కట్టవలెను. పిమ్మటనే దానిపై రైలును నడుపవలెనని మా అభిప్రాయము.

లోకమున మిక్కిలి ప్రచారమునందున్న హెచ్.ఓ. కొలతలో ప్రతి వస్తువును 87వ వంతునకు తగ్గింతురు. ఆ లెక్కన పది కిలోమీటర్ల మార్గమునకు 115 మీటర్ల చోటు కావలెను. మన ప్రార్థనామందిరము గూడ చాలదు. కనుక కొంత విడువక తప్పదు. ఏది విడువవలెను, ఏది నిలుపవలెను అను విచారమే యీ పనిలో అసలు చదువు. మా మట్టుకు మేము కృష్ణానది వంతెనను, ఒక గుండ్ల గుట్టను, చెఱువుకట్టను, చెల్కను, రేగడిని విడువము. ఇరువది మీటర్ల తాటిచెట్టు 23 సెంటీమీటర్లుండవలెను. దానిక్రింద నిలిచిన మనిషి రెండు సెంటీమీటర్లకు మించరాదు. ఈ పొత్తు తప్పినచో ఎంత రంగు పూసినను అది బొమ్మలాటగనే కనబడును.

మన గుట్టలను చూచినవారు తక్కువ. దినమును వాని ప్రక్కనే నడచుచుందుము గాని చూడము. గద్వాల, వనపర్తి వైపు గుట్టలు గ్రానైటు రాతివి. పగుళ్లలో నీరు చొచ్చి మూలలు కరగిపోగా రాళ్లు గుండ్లై, ఒకదానిపై నొకటి పేర్చినట్లు నిలిచినవి. నాగర్‌కర్నూలు దక్షిణమున నల్లమల యట్లు కాదు. అచ్చటి రాయి పలకలు పలకలుగ పఱచుకొని, పీఠమువలె చదునైన తలతో నుండును. ఒకే అచ్చులో రెంటిని పోయుట తగదు. నల్లమలకు అట్టముక్కలను పొరలు పొరలుగ చించి యంటింపవలెను. గుండ్లకు కొండపల్లి పనివారు బొమ్మలకు వాడు మక్కు, అనగా చింతగింజల పిండియు రంపపు పొట్టును కలిపిన ముద్ద, మిక్కిలి తగియుండును. పరదేశపు ప్లాస్టరుకన్న ఇది చవుక. పిల్లల చేతికి అనువైనది. క్రిస్మసు పండుగకు పశువులపాక కట్టిన చేతులకు ఈ పని క్రొత్త కాదు.

గుట్టకు అట్టపట్టీలను వలవలె నల్లి, దానిపై గంజిలో తడిపిన వార్తాపత్రికలను మూడు నాలుగు పొరలు పఱచి ఆరనిచ్చిన చాలును. పైకి నిజమైన మన్నే వాడవలెను. మన్నును జల్లించి, పెనముపై వేచి పురుగు చంపి, అయస్కాంతమును దానిమీద పలుమారు త్రిప్పవలెను. ఎఱ్ఱమన్నులోని యినుపరేణువులు ఇంజను మోటారులో చిక్కిన అది చెడును. పిల్లలు తొందరలో విడుచునది ఈ యొక్క పనినే!

నదిని నిండు నీలముగ చూపవలదు. వేసవి కృష్ణయే మనకు తెలిసిన కృష్ణ: బండలు తేలి, నడుమ మడుగులు. మడుగులకు వార్నీషు పలుచగ నాలుగైదు పూతలు చాలును.

ఇక కొందఱు తల్లిదండ్రులకు రుచింపని మాట. నమూనాలో వనపర్తి పట్టణమునను, నాగర్‌కర్నూలునను స్టేషను లుండవలెనని వారి యభిమానము. మేమందులకు సమ్మతింపము. 'వనపర్తి రోడ్' స్టేషను వనపర్తిలో లేదు, మదనాపురమున నున్నది. నాగర్‌కర్నూలునకు నేటికిని రైలు లేదు. గద్వాలనుండి మాచర్లకు మార్గము వేయవలెనను కోరిక ఎంతో కాలమునుండి యున్నను పట్టా పడలేదు. గద్వాలనుండి రాయచూరునకు 2013లో రైలు నడచినది గనుక ఆ శాఖను చూపుదము. నాగర్‌కర్నూలున మాత్రము బస్సు నిలుచు చోటును, దారిని చూపి ఊరకుందము. పట్టాలు ఇచ్చటికేల రాలేదని చూడవచ్చినవారిలో ఒక్క చిన్నవాడడిగినను, లేని స్టేషను కట్టినదానికన్న ఎక్కువ ఫలము కలుగును.

మనది 1676 మిల్లీమీటర్ల బ్రాడ్‌గేజి. 87వ వంతున 19 మిల్లీమీటర్లు కావలెను. అంగడి పట్టా పదాఱున్నర మాత్రమే. ఈ దాదాపు మూడు మిల్లీమీటర్ల అసత్యమును మేము క్షమింతుము, వేఱుగతి లేదు గనుక.

వేసవి సెలవులనుండి తిరిగివచ్చునప్పుడు ప్రతి విద్యార్థియు తన యూరి మన్ను పిడికెడు గుడ్డలో కట్టి, ఊరిపేరు, పొలము చెల్కయో రేగడియో చీటిపై వ్రాసి తేవలెనని మా మనవి.