నాలుగడుగుల దూరంలోని దేవతావస్త్రాలు

ఈ టపా చదివి కొందరు మిత్రులకు నామీద కోపం రావచ్చును. వేలకు వేలు పోసి కొన్న వస్తువును తక్కువ చేసి మాట్లాడితే ఎవరికి మాత్రం రుచిస్తుంది? అయినా చెప్పక తప్పదు. హై డెఫినిషన్ టెలివిజన్ బొమ్మ మామూలు బొమ్మకంటే మెరుగన్నది సత్యమే. కానీ ఆ మెరుగు మన ఇళ్ళలో, మన తెరలమీద, మనం కూర్చునే చోటినుంచి చూసే సామాన్య ప్రేక్షకుడికి చాలావరకు కనబడదు. కనబడకపోవడం అతడి తప్పు కాదు. "నాకేమీ తేడా తెలియడం లేదండీ" అన్నవాడిని చూసి జాలిగా నవ్వడం మనం మానుకోవాలి. ఈ మాట ఇంత గట్టిగా అనడానికి కారణం, అలా నవ్వినవాళ్ళలో నేనూ ఒకణ్ణి కావడమే.

మా అమ్మ తెనాలిలో ఉంటుంది. 2013లో ఆవిడ పాత 21 అంగుళాల డబ్బా టీవీ తీసేసి, 32 అంగుళాల పలక టీవీ కొనిపెట్టాను. దానికి తోడు హెచ్‌డీ పెట్టె, నెలనెలా హెచ్‌డీ ఛానళ్ళకు అదనపు చందా. పది రోజుల తరువాత ఫోనులో, కొంత గర్వంగానే అడిగాను.

"బొమ్మ ఎలా ఉందమ్మా?"

"బాగానే ఉంది నాన్నా. మనుషులు పెద్దగా కనబడుతున్నారు. నువ్వు చెప్పినంత తేడా మాత్రం నాకేం తెలియలేదు."

"అయితే ముందు కళ్ళజోడు మార్పించుకో" అని నవ్వాను. అంతటితో ఆగక, ఈ ముచ్చటను నలుగురు బంధువులకూ చెప్పి నవ్వించాను కూడా.

2014 సంక్రాంతికి వెళ్ళినప్పుడు దుమ్ము దులుపుదామని టీవీ వెనక్కి తొంగిచూశాను. పెట్టెనుంచి టీవీకి వెళ్తున్నవి పసుపు, ఎరుపు, తెలుపు మొనలున్న మూడు తీగలు! ఎరుపూ తెలుపూ శబ్దానివి, పసుపుది బొమ్మది. ఆ పసుపు తీగలో హెచ్‌డీ బొమ్మ ప్రవహించడం అసాధ్యం. పాతకాలపు 576 గీతల బొమ్మను మించి అది మోయలేదు. హెచ్‌డీని మోయవలసిన హెచ్‌డీఎంఐ తీగ, విప్పని సంచిలో, అలమర పైఅరలో భద్రంగా ఉంది. అంటే పదకొండు నెలలపాటు మేము హెచ్‌డీకి డబ్బు కట్టాం, ఆవిడ మామూలు బొమ్మ చూసింది. "తేడా లేదు" అన్నది ఆ ఇంట్లో పలికిన ఏకైక సత్యం. దాన్ని నేను చూపులోపం కింద జమకట్టాను.

తీగ మార్చాక నాకొక పట్టుదల కలిగింది. ఇప్పుడైనా తేడా తెలుస్తుందేమో చూద్దామని, ఛానలు గుర్తు కనబడకుండా తెర మూలన కాగితం అంటించి, అమ్మను తన పడక్కుర్చీలోనే కూర్చోబెట్టాను. కుర్చీకీ తెరకూ మధ్య సరిగ్గా పదడుగులు. ఒకే సీరియల్‌ను మామూలు ఛానల్లోనూ, హెచ్‌డీ ఛానల్లోనూ మార్చి మార్చి చూపాను. "ఏదైతేనేం నాన్నా, రెండూ ఒకటే" అంది. క్రికెట్ పెడితే మాత్రం, "ఇందులో అంకెలు అలుక్కుపోకుండా ఉన్నాయి" అని హెచ్‌డీని సరిగ్గానే పట్టుకుంది. చివరకు కుర్చీని తెరకు నాలుగడుగుల దూరానికి జరిపాను. "అబ్బో, ఆ పిల్ల చీర జరీలో నేత కూడా కనబడుతోందిరా! కానీ ఇంత దగ్గర కూర్చుని ఎవరు చూస్తారు? మెడ పట్టేస్తుంది" అంది.

మొత్తం వివాదమంతా ఆ రెండు వాక్యాలలోనే ఉంది. రాజుగారి దేవతావస్త్రాల కథలో అసలు బట్టలే లేవు. ఇక్కడ బట్టలున్నాయి, జరీ కూడా ఉంది. కానీ అది నాలుగడుగుల దూరంనుంచే కనబడుతుంది. పదడుగుల దూరంలో ఉన్నవాణ్ణి, "కనబడలేదంటే నీకు కళ్ళు లేవన్నమాట" అని దబాయించడమే నాకు అభ్యంతరం.

ఇది వృద్ధాప్యపు చూపు సంగతి కదా అని మీరనవచ్చు. కాదు, ఇది లెక్క. కళ్ళ డాక్టరు 6/6 అని రాసిచ్చే ఆరోగ్యవంతమైన కన్ను, ఒక డిగ్రీలో అరవయ్యవ వంతు కోణానికి తక్కువగా ఉన్న వివరాలను మామూలుగా విడదీసి చూడలేదు. పదడుగుల దూరంలో ఆ కోణం, తెరమీద దాదాపు 0.9 మిల్లీమీటర్లవుతుంది. 32 అంగుళాల తెర ఎత్తు సుమారు 40 సెంటీమీటర్లు. భాగించి చూడండి: ఆ తెరలో ఆ కన్ను విడదీయగలిగినవి సుమారు 450 గీతలు. పాత బొమ్మలోనే 576 ఉన్నాయి! హెచ్‌డీలో 1080. గ్లాసు నిండి పొర్లుతుండగా పైనుంచి మరో చెంబు నీళ్ళు కుమ్మరించినట్లుంది వ్యవహారం. 43 అంగుళాల తెరకు ఈ లెక్క 600 దగ్గరకు వస్తుంది. 1080 గీతలనూ విడివిడిగా అనుభవించాలంటే 32 అంగుళాల తెర ముందు సుమారు నాలుగడుగుల దూరంలో కూర్చోవాలి. మా అమ్మ పరీక్షకూ ఈ గణితానికీ ఎక్కడా చుక్కెదురు లేదు.

ఈ సంగతి హెచ్‌డీని సృష్టించినవారికి తెలియనిది కాదు. 1964 టోక్యో ఒలింపిక్స్ తరువాత జపాను ప్రసార సంస్థ ఎన్‌హెచ్‌కే ఇంజనీర్లు ఈ పరిశోధన మొదలుపెట్టినప్పుడు, వారి ఆశయం చుక్కల సంఖ్య పెంచడం కాదు. ప్రేక్షకుడు బొమ్మలో లీనమైపోవాలి. అందుకు తెర అతడి చూపులో విశాలమైన భాగాన్ని ఆక్రమించాలి. అలా దగ్గరగా చూసినప్పుడు గీతలు బయటపడకూడదు కనుక గీతలు పెంచారు. తెర ఎత్తుకు మూడింతల దూరంలో కూర్చుని చూడాలన్నది ఆ రూపకల్పనలోని మూలసూత్రం. 40 సెంటీమీటర్ల ఎత్తుకు మూడింతలు 120 సెంటీమీటర్లు. అంటే మళ్ళీ అదే నాలుగడుగులు. మరి జనం ఎక్కడ కూర్చుంటున్నారు? బ్రిటన్‌లో బీబీసీ పరిశోధన విభాగం సర్వే చేసి 2004లో ప్రకటించిన మధ్యస్థ దూరం 2.7 మీటర్లు, దాదాపు తొమ్మిదడుగులు. ఆ దూరాన్ని నిర్ణయించేది టీవీ కాదు, సోఫా. మన ఇళ్ళలోనూ అంతే: ఒక గోడకు టీవీ, ఎదుటి గోడకు మంచమో కుర్చీలో, మధ్యలో పిల్లలు.

ఎదుటిపక్షం వాదనలోని న్యాయాన్ని కూడా ఒప్పుకోవాలి. 55 అంగుళాల తెరను అదే పదడుగులనుంచి చూస్తే కన్ను సుమారు 770 గీతలు విడదీయగలదు. అక్కడ మామూలు బొమ్మ అలుక్కుపోయినట్లు ఉండడం, హెచ్‌డీ నిలువుగా నిగ్గుతేలడం ఎవరికైనా తెలుస్తుంది. అక్షరాలూ, అంకెలూ, ఏటవాలు గీతలూ ఉన్నచోట చిన్న తెరమీదా కొంత తెలుస్తుంది. చురుకైన పడుచు కళ్ళు నేను చెప్పిన హద్దును కొంచెం దాటగలవు కూడా. మరొకటి: మామూలు ఛానళ్ళను ఒక్కోసారి ఎంతగా కుదించి పంపుతారంటే, పరుగెత్తే ఆటగాడి కాళ్ళ కింద పచ్చిక పేడ అలికినట్లు కనబడుతుంది. దాని పక్కన హెచ్‌డీ వెలిగిపోతుంది నిజమే. అయితే అది చుక్కల సంఖ్య సాధించిన విజయం కాదు, పిండి పిప్పిచేసిన బొమ్మ పక్కన నిలబడడం వల్ల వచ్చిన అందం. హెచ్‌డీ ఛానలును కూడా అలాగే పిండితే, ఆ 20 లక్షల చుక్కలూ కలిసి బురదనే మరింత వివరంగా చూపిస్తాయి.

"మరి టీవీ మార్చగానే బొమ్మ బాగుందని అందరూ అంటారే?" అంటారా? అంటారు. కానీ మారినది ఒక్క చుక్కల సంఖ్యేనా? తెర పెద్దదైంది, చదునైంది, వెలుగు హెచ్చింది, రంగులు చిక్కబడ్డాయి. మనిషి కన్ను ముందుగా పట్టేది వెలుగునీడల వ్యత్యాసాన్ని, ఆపైన రంగును. సూక్ష్మ వివరం వంతు ఆ తరువాతే. మా అమ్మ "మనుషులు పెద్దగా కనబడుతున్నారు" అన్నప్పుడు, తాను నిజంగా చూసిన తేడాను తూకం వేసినట్లు చెప్పింది. దానికి హెచ్‌డీ అని పేరు పెట్టింది నేను.

పేరు గొప్ప ఊరు దిబ్బ అన్న సామెత ఈ చీటీలకు అతికినట్లు సరిపోతుంది. "హెచ్‌డీ రెడీ" అని రాసి ఉండే చాలా 32 అంగుళాల టీవీలలో ఉన్నవి అడ్డంగా 1366, నిలువుగా 768 చుక్కలు. అంటే ప్రసారంలో వచ్చే 20 లక్షల చుక్కలలో సగం ఆ తెరపై పట్టనే పట్టవు. "రెడీ" అన్నమాటకు అర్థం హెచ్‌డీ సంకేతాన్ని అందుకోగలదని మాత్రమే. అందుతున్నది హెచ్‌డీయేనా అన్నది వేరే ప్రశ్న. ఎన్నో ఇళ్ళలో పాత చతురస్రపు బొమ్మను వెడల్పు తెరకు సాగదీసి, కథానాయకుడి మొహాన్ని మూడోవంతు వెడల్పు చేసి, "హెచ్‌డీలో చూస్తున్నాం" అని సంతోషించారు. అందులో వారి అమాయకత్వం కంటే, చీటీ అంటించినవాడి మౌనం పెద్దది.

ఇంతకీ ఇందులో ఏం మునిగిపోయిందని అడగవచ్చు. మొదటిది డబ్బు. ట్రాయ్ 2017లో చేసిన నిబంధనలు 2019లో అమలులోకి వచ్చినప్పుడు, ఒక హెచ్‌డీ ఛానలును రెండు మామూలు ఛానళ్ళ కింద లెక్కగట్టారు. ఆపైన ఆ ఛానలు ధర వేరు. చిన్న తెర ముందు దూరంగా కూర్చునే కుటుంబం, తన కంటికి చేరని చుక్కలకు నెలనెలా రుసుము చెల్లిస్తుంది. నేడు 4కే అంటూ 80 లక్షల చుక్కలు అమ్ముతున్నారు. 55 అంగుళాల తెర ముందు ఏడడుగులు దాటి కూర్చుంటే, 1080 గీతల బొమ్మకూ దానికీ మధ్య చుక్కల వల్ల వచ్చే తేడా కనుమరుగే. ఆ టీవీ బాగుంటే మరే కారణంవల్లనో బాగుంటుంది. ఆ కారణమేమిటో అడిగి కొనుక్కోవాలని మాత్రమే నేననేది.

రెండవది డబ్బుకంటే పెద్దది. ఆ సంక్రాంతినాడు అమ్మకు క్షమాపణ చెప్పుకున్నాను. ఆవిడ చాలా మామూలుగా, "పోనీలే నాన్నా. నువ్వన్నావు కదా అని నేను ఉగాది వెళ్ళగానే కళ్ళ డాక్టరు దగ్గరికి వెళ్ళొచ్చాను. అద్దాలు బాగానే ఉన్నాయన్నాడు. సరే, నాకే తెలియడం లేదేమో అనుకున్నాను" అంది.

తన కళ్ళతో తాను చూసినదాన్ని, అట్టపెట్టెమీది రెండు అక్షరాల ముందు ఒక మనిషి నమ్మలేకపోవడం, అందుకు చదువుకున్న కొడుకు సాక్ష్యం పలకడం! అంకెలు తెలిసినవాళ్ళం మనం చేయవలసిన పని, చూసేవాడి మాటను అంకెలతో పరీక్షించడమే కాదు, అంకెలను చూసేవాడి మాటతో కూడా పరీక్షించడం.

అందుకని నాదొక మనవి. ఇంట్లో ఒక కొలత టేపు తీయండి. మీ కుర్చీనుంచి తెరదాకా కొలవండి. టీవీ వెనక ఏ తీగ ఉందో చూడండి. మూలన కాగితం అంటించి, ఇంట్లో పెద్దవాళ్ళను అడగండి. వాళ్ళు "తేడా ఉంది" అంటే సంతోషంగా చందా కట్టండి. "లేదు" అంటే, దయచేసి నవ్వకండి.