సమయపట్టికకు వెలుపలి చదువు

2025 జూలై 25వ తేదీన సుప్రీంకోర్టు విద్యార్థుల మానసికారోగ్యమును గూర్చి ఒక ముఖ్యమైన తీర్పు వెలువరించినది. విశాఖపట్టణమున వైద్యవిద్యా ప్రవేశపరీక్షకు చదువుచుండిన ఒక బాలిక మరణమే ఆ వ్యాజ్యమునకు మూలము. నూరుగురు, అంతకు మించి విద్యార్థులున్న ప్రతి విద్యాసంస్థయు అర్హతగల సలహాదారును నియమింపవలెననియు, మార్కులనుబట్టి పిల్లలను వేరు తరగతులుగా విడదీయుట సాధ్యమైనంతవరకు మానవలెననియు న్యాయస్థానము ఆదేశించినది. దేశమున 2022వ సంవత్సరమున 13,044 మంది విద్యార్థులు ఆత్మహత్య చేసికొనిరని ప్రభుత్వ గణాంకములే చెప్పుచున్నవి. ఈ లెక్క నెరిగినవా రెవరును ఆ తీర్పు అనవసర మనజాలరు.

అయినను, సలహాదారుని గది కష్టము ముదిరిన పిదప తట్టెడి తలుపు. అంతకు ముందే విద్యార్థిని నిలబెట్టవలసినది ఏది?

మన పిల్లలలో పెక్కుమంది ఇంటర్మీడియెట్ రెండేండ్లును వసతి కళాశాలలలో గడపుదురు. తెల్లవారుజామున గంట, రాత్రిదాక స్టడీ అవర్లు, వారము వారము పరీక్ష, గోడమీద ర్యాంకుల పట్టిక. ఎప్పుడు లేవవలెనో, ఏమి చదువవలెనో ఇతరులే నిర్ణయింతురు. పదునెనిమిదవ యేట విశ్వవిద్యాలయపు హాస్టలు గది తాళపుచెవి చేతికి వచ్చునప్పటికి, తన గంటను తాను వాడుకొను విద్య ఆ విద్యార్థికి అలవడియుండదు. తోటివాడు పోటీదారుగానే తెలియును గాని స్నేహితుడుగా తెలియడు. ఒక పేపరు తప్పినంతనే లోకము ముగిసినట్లు తోచుట అందువలననే.

1938లో ఉస్మానియా హాస్టళ్లలో వందేమాతరగీతము పాడరాదన్న నిషేధమును ధిక్కరించి వందలాది విద్యార్థులు బహిష్కృతులైరి. పలువురు నాగపూరు విశ్వవిద్యాలయమున చేరి చదువు సాగించిరి, పి.వి. నరసింహారావు వారిలో నొకరు. నడుమ చదువు తెగిపోవుట సామాన్యమైన దెబ్బ కాదు. కాని ఆ దెబ్బను వారు ఒంటరిగా తినలేదు. తోడు నిచ్చినది హాస్టలు, సమయపట్టిక కాదు.

నేడు ఆ తోడునకు చోటు తగ్గుచున్నది. సెమిస్టరు పరీక్షలు, రికార్డులు, ఉద్యోగపు ఎంపికలు సంవత్సరమును ముక్కలు చేయుచున్నవి. తెలుగు రాష్ట్రముల ప్రభుత్వ విశ్వవిద్యాలయములలో విద్యార్థి సంఘముల ఎన్నికలు దశాబ్దములుగా లేవు. హింసకు వెరచి వాటిని మాన్పిరి. ఆ భయము నిరాధారము కాదు. కాని 2006లో లింగ్డో సంఘము క్రమబద్ధమైన ఎన్నికలకు మార్గము చూపిన పిదపను ఆ తలుపు తెరవకుండుట సమంజసము కాదు. నలుగురిని ఒప్పించుట, ఓడి మరల ప్రయత్నించుట అభ్యసించు వేదిక వేరొకటి చూపినవారును లేరు.

కావున సలహాదారుని నియమించి చేతులు దులుపుకొనుట చాలదు. వారమునకు ఒక అపరాహ్ణమైనను తరగతులు లేక విడువవలెను. గ్రంథాలయము రాత్రివేళ తెరచియుండవలెను. ప్రతి అధ్యాపకుడును ఇరువదిమంది విద్యార్థులనైనను పేరుపేరున ఎరిగియుండవలెను. పరీక్ష తప్పినవానిని పేరుపెట్టి పిలిచి, కుశలమడుగు మనిషి యొకరుండిన చోట, పెక్కుమందికి ఆ సలహాదారుని తలుపు తట్టవలసిన అవసరమే కలుగకపోవచ్చును.