పెరటి పుంజు కాటా ఎక్కాలి
గ్రామ మహిళా సంఘాలకు, పంచాయతీలకు, నాటుకోళ్లు పెంచే ప్రతి ఇంటికీ విజ్ఞప్తి

పెట్టను పొదగేసిన ఇంట్లో పిల్లలు దిగిన రోజు సంబరంగానే ఉంటుంది. వాటిలో సగం పుంజులేనన్న సంగతి మాత్రం రెండు నెలలు దాటి, నెత్తి మీద జుట్టు ఎర్రబడ్డాక గానీ తట్టదు. నాలుగు పెట్టలున్న ఇంటిని తీసుకుందాం. ఒక్కో పెట్ట ఏడాదికి రెండు విడతలు పిల్లల్ని తీసి, కాకీ గద్దా ముంగిసా ఎత్తుకుపోగా విడతకు 5 బతికాయనుకుంటే మొత్తం 40. అందులో 20 పుంజులు. ఆ నాలుగు పెట్టలకు కావలసింది ఒక్కటే. ఎనిమిది, పది పెట్టలున్నా ఒక పుంజు చాలు.

మిగతా 19 పుంజులను ఏం చేయాలో చాలా ఇళ్లలో ముందుగా అనుకోరు. చేతిలో డబ్బు ఆడనప్పుడో, బండికి గంప కట్టుకున్న వ్యాపారి వాకిట్లో ఆగినప్పుడో అప్పటికప్పుడు తేల్చేస్తారు. ఆ నిర్ణయం వ్యాపారి చేతిలోంచి పెంచిన ఆడవాళ్ల చేతికి రావాలి. ఒక్కో ఇల్లు విడిగా బేరమాడితే అది జరగదు. ఊరంతా కలిసి నెలకో రోజు పెట్టుకుని, తూకం వేసి అమ్మితేనే జరుగుతుంది.

ఆలస్యం చేస్తే ఏమవుతుందో ఏ దొడ్లో చూసినా కనిపిస్తుంది. నాలుగైదు నెలలు వచ్చిన కుర్ర పుంజులు అయిదారు ఒకే ఆవరణలో ఉంటే పొద్దస్తమానం పెట్టల వెంట పడతాయి. పెట్ట వీపు మీద ఈకలు ఊడి చర్మం బయటపడుతుంది, గోళ్లకు గీరుకుపోతుంది, ఆ పుండు మీద ఈగలు ముసురుతాయి. బెదిరిన పెట్ట మేతకు దూరంగా, గోడ మీదో చెట్టు కొమ్మ మీదో కూర్చుంటుంది. గుడ్లు తగ్గుతాయి. పుంజులూ ఒకదాన్నొకటి పొడుచుకుని జుట్లు చీల్చుకుంటాయి. మేత ఖర్చు సరేసరి. ఎదిగిన పుంజు రోజుకు 100 గ్రాములకు పైగానే తింటుంది. సగం దొడ్లో ఏరుకున్నా, 19 పుంజులకు ఇంటి గింజలు రోజుకు కిలో దాకా పోతాయి. ఎదుగుదల ఆగిన పుంజుకు వేసిన గింజ తూకంలో తిరిగి రాదు. అందుకే నాలుగో నెలలోనే పెట్టలతో ఉంచే పుంజును ఎంచుకుని, మిగతావాటిని వేరే గూట్లోకి మార్చాలి.

ఇక అమ్మకం. వ్యాపారి పుంజును రెక్కల దగ్గర పట్టి ఎత్తి చూసి, జతకు ఇంత అంటాడు. ఆ అంచనా ఎప్పుడూ అతని వైపే మొగ్గుతుంది. కిలో ఎనిమిది వందల గ్రాముల పుంజును కిలోన్నర కింద కడితే, కిలో 400 చొప్పున ఒక్క పుంజు మీదే 120 రూపాయలు పోయినట్టు. ఇరవై ఇళ్ల పుంజులు ఒకే చోటికి వచ్చి, అందరి ముందూ వేలాడే కాటాకు ఎక్కితే ఈ చేతి అంచనాకు చోటుండదు. ఒకేసారి వంద పుంజులు దొరుకుతాయంటే పట్నం నుంచి నాటుకోడి దుకాణం వాళ్లు కూడా ఊళ్లోకే వస్తారు.

నెలలు కూడా చూసుకోవాలి. కార్తీకంలో నీసు మానేసే ఇళ్లు ఎక్కువ కాబట్టి ఆ నెల అమ్మకం దండగ. ఆషాఢంలో తెలంగాణలో బోనాలు, ఆ తర్వాత దసరా, కోస్తాలో కనుమ: గిరాకీ ఉండేది అప్పుడే. నాటు పుంజు తూకానికి రావడానికి అయిదారు నెలలు పడుతుంది. అంటే కనుమ నాటికి అమ్మాల్సిన పుంజు పిల్లగా ఆషాఢంలోనే దిగాలి. బోనాలకు అమ్మాల్సింది మాఘంలో దిగాలి. పొదగడానికి పట్టే 21 రోజులు వెనక్కి లెక్కేసి పెట్టను కూర్చోబెడితే, పండగ ముందు అమ్మకానికి సిద్ధమైన పుంజు చేతిలో ఉంటుంది.

సంక్రాంతి అనగానే బరి గుర్తొస్తుంది. పందేనికి అమ్మితే వేలు వస్తాయి కదా అని కొందరి ఆశ. ఆ ధర పలికేది డేగ, కాకి, నెమలి, సేతువ అని రంగు చూసి ఎంచి, బాదం పప్పులు పెట్టి, నెలల తరబడి తర్ఫీదు ఇచ్చిన అసీల్ జాతి పుంజులకు. దొడ్లో తిరిగే మామూలు పుంజుకు అది రాదు. చిన్న బరిలో, చిన్న డబ్బుకు, కాలికి కట్టిన కత్తితో కొన్ని నిమిషాల్లో చస్తుంది. వినోదం కోసం జంతువులను పోరుకు ఉసిగొల్పడం 1960 నాటి జంతు హింస నివారణ చట్టం ప్రకారం నేరం. కత్తి లేని డింకీ పందెమైనా అంతే. ఉమ్మడి హైకోర్టు 2016 డిసెంబరులో పందేలను అడ్డుకోవాలని ఆదేశించింది. అయినా గోదావరి జిల్లాల్లో ఏటా బరులు వెలుస్తూనే ఉన్నాయి. పుంజు ఇచ్చే ఇల్లు వద్దంటే ఆ ఊరి చిన్న బరికి పుంజు కరువవుతుంది.

తినడానికి పెంచిన కోడిని కోయడంలో తప్పు లేదు. తీసుకెళ్లే తీరు మాత్రం మారాలి. కాళ్లు కట్టి, బండి హ్యాండిల్‌కు తలకిందులుగా వేలాడదీసి, ఎండలో మైళ్ల కొద్దీ మోసుకుపోవడం ప్రతి సంతలో కనిపిస్తుంది. జంతువుల రవాణా నిబంధనల్లో కోళ్ల కోసం 2001లో ఒక అధ్యాయమే చేర్చారు. గాలి ఆడే బుట్ట, అందులో చాలినంత చోటు, దప్పికకు నీళ్లు: ఇవి లేని కొనుగోలుదారుకు కాటా దగ్గరే వద్దని చెప్పాలి.

టీకా మందు విషయంలోనూ ఒంటరి ఇంటికి దారి లేదు. కొక్కెర తెగులు ఒక్కసారి వచ్చిందంటే దొడ్డి ఊడ్చుకుపోతుంది. మొదటి వారంలో లసోటా చుక్కలు, ఎనిమిది వారాలప్పుడు ఆర్2బి సూది వేస్తే కాపాడుకోవచ్చు. కానీ సీసాలో సాధారణంగా 100 మోతాదులుంటాయి, కలిపాక గంటల్లో వాడేయాలి. 20 కోళ్లున్న ఇల్లు 80 మోతాదులు పారబోయాల్సి వస్తుంది, అందుకే అసలు వేయించదు. ఊరంతా ఒకే రోజు వేయిస్తే ఒక్క మోతాదూ వృథా కాదు. 2025 ఫిబ్రవరిలో ఉభయ గోదావరి జిల్లాల ఫారాల్లో బర్డ్ ఫ్లూ బయటపడ్డాక కోళ్ల రాకపోకలను కట్టడి చేశారు. కోళ్లు జబ్బుపడి తూగుతున్న ఇంటి నుంచి పుంజు కాటా దగ్గరికి రాకూడదన్న కట్టుబాటు మొదటి రోజు నుంచే ఉండాలి.

అన్నీ అమ్మేయాలనీ కాదు. ఒకే పుంజు ఏళ్ల తరబడి దాని సంతానం మీదే తిరిగితే పిల్లలు నీరసపడతాయి, పొదగేసిన గుడ్లు ఎక్కువగా మురిగిపోతాయి. ఒకప్పుడు పశుసంవర్ధక శాఖలే రోడ్ ఐలాండ్ రెడ్, వైట్ లెగ్‌హార్న్ పుంజులను పల్లెలకు ఇచ్చి జాతి మార్పిడి చేయించేవి. ఆ పని ఇప్పుడు పక్కపక్క ఊళ్ల సంఘాలే చేసుకోవచ్చు: ఏడాదికోసారి మంచి పుంజును ఇచ్చి పుచ్చుకుని, కొత్తదాన్ని రెండు మూడు వారాలు విడిగా ఉంచి, ఆ తర్వాత పెట్టల్లో కలపాలి. రాజేంద్రనగర్‌లోని కోళ్ల పరిశోధన సంస్థ గుడ్డుకూ మాంసానికీ పనికొచ్చేలా వనరాజా అనే కోడి రకాన్ని తీర్చిదిద్దింది. అలాంటి రకం పెంచే ఇంట్లో పుంజు కూడా ఆదాయమే. గుడ్ల పరిశ్రమలో మగపిల్లకు విలువ లేదు, పుట్టిన రోజే చంపేస్తారు. జర్మనీ 2022 జనవరి 1 నుంచి ఆ పద్ధతిని నిషేధించింది. పల్లె దొడ్డికి ఆ దుస్థితి లేనప్పుడు ఉన్న విలువను కంటి అంచనాకు వదులుకోవడం దేనికి?

సంఘాల లీడర్లు వచ్చే గ్రామసభకు ముందే సర్పంచ్‌కు అర్జీ ఇవ్వాలి. నెలకో ఉదయం పంచాయతీ ఆవరణలో నీడ ఉన్న చోటు, సంఘం పేరున ఒక వేలాడే కాటా, ఆ రోజుకు టీకా మందుతో పశుసంవర్ధక సహాయకుల రాక అందులో అడగాలి. తూకం రాసే పుస్తకం సంఘం దగ్గరే ఉండాలి. మొదటి కాటా రోజు కార్తీకం రాకముందే పెట్టుకుంటే, కనుమ బేరాల నాటికి ఎవరి పుంజు ఎంత తూగిందో, కిలోకు ఎంత పలికిందో ఊరి లెక్క ఊరి దగ్గర ఉంటుంది.